పెద్దమ్మ గుమ్మంలో బియ్యప్పిండి

పోయిన మంగళవారం మా పెద్దమ్మ పోయింది. పెద్దమ్మంటే రక్తసంబంధం కాదు, బెంగాల్లో టికియాపారా రైల్వే క్వార్టర్లలో మా పక్కిల్లు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

రోజూ తెల్లవారగానే గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు వేసేది. సుద్దపొడి ముట్టుకునేది కాదు. "ఆటి కూడు గుమ్మంలోనే ఎట్టేస్తే ఇంట్లోకి ఎందుకొస్తాయే?" అనేది చీమల గురించి. ఎండాకాలంలో అవి నీళ్లకుండ చుట్టూ చేరితే, బయట మూకుట్లో తడిగుడ్డ పెట్టేది. వానల్లో ముగ్గు నిలవదని కిటికీ గట్టు మీద చిటికెడు పిండి వేసేది. క్వార్టర్లన్నీ నవ్వుకునేవి. నేనూ నవ్వాను.

మా చెల్లి పుట్టిన పదో రోజది. ఉక్కకి తాళలేక అమ్మ పసిదాన్ని పక్కలో వేసుకుని నేల మీద పడుకుంది. గోడ వెంట చీమలు బారులు తీరాయి. ఎక్కడ చెల్లిని కుడతాయోనని నేను చీమలమందు సుద్దముక్క తెచ్చి గీత గీయబోయాను. అప్పుడే వచ్చిన పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. చూస్తే, ప్రతి చీమ నోట్లోనూ తెల్లటి గుడ్డు. పొద్దున ఆవిడ వేసిన ముగ్గు దగ్గరికి ఒక్కటీ రాలేదట.

"పిల్లల్ని ఎత్తుకుని మెరకకి పోతన్నాయే. మనమే ఇంకా కింద కూకున్నాం," అంది.

మబ్బుతునక లేదు, రేడియోలో వాన మాటే లేదు, ఏమిటీ గోల అని నాన్న విసుక్కున్నాడు. ఆవిడ వింటేనా! మంచంకోళ్ల కింద మూడేసి ఇటుకలు పెట్టించి, అమ్మనీ చెల్లినీ బియ్యం బస్తానీ పైకి ఎక్కించాకే కదిలింది. సాయంత్రం కుంభవృష్టి. కాలువలు ఎదురుతన్ని ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. అమ్మ పడుకున్న చాప తేలుతూ వాకిట్లోకి పోయింది. చెల్లి మాత్రం మంచం మీద గుర్రుపెట్టి నిద్రపోయింది.

మర్నాడు అటుకులూ బెల్లమూ పంచడానికి వచ్చిన ఎర్రజెండా పార్టీ వాళ్లు, ముందే ఎలా తెలిసిందని అడిగారు. పెద్దమ్మ చీమలు పాకిన గోడ చూపించింది. ఆ తర్వాత వడియాలు పెట్టాలన్నా, పరుపులు ఎండేయాలన్నా మేం మాసీమా అని పిలిచే బెంగాలీ పిన్నులు సైతం ముందు ఆవిడ గోడ చూసి వెళ్లేవారు. ఆవిడది మా పక్కిల్లేనని బళ్లో తెగ గొప్పలు పోయేదాన్ని. ఇప్పుడూ పోతాను.

చావింట్లో ముగ్గు వేయరు. మూడో రోజు మేం వెళ్లేసరికి గుమ్మం బోసిగా ఉంది, చీమలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చెల్లి లోపలికెళ్లి పిండి డబ్బా తెచ్చింది. అక్కడున్న పెద్దావిడ వారించబోయింది.

"ముగ్గు కాదు పిన్నీ, కూడు," అని చెల్లి గుప్పెడు పిండి గుమ్మం పక్కన పోసి కూర్చుంది. చీమలు బారు కట్టేదాకా లేవలేదు.