ఉప్పు చెమర్చిన రోజు

మొన్న మా అబ్బాయి తాడేపల్లిగూడెం బజారునుంచి ఒక పెద్ద కూలరు రిక్షాలో వేయించుకొచ్చి, నా మంచం పక్కన నిలబెట్టి, దాని కడుపులో నాలుగు బిందెల నీళ్ళు పోసి, చల్లదనం బయటికి పోకుండా తలుపులూ కిటికీలూ బిగించి, మీట నొక్కాడు. అరవై ఏళ్ళు నిండి, హెడ్మాస్టరుగా రిటైరయినవాడు, బొమ్మ తయారుచేసి తెచ్చిన పిల్లాడిలా నా ముఖంలోకి చూస్తూ, "చల్లగా ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆ హోరులో వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాడు. వినపడకేం, బాగానే వినపడింది. ఇదే మాట పందొమ్మిది వందల ముప్పైల్లో, ఏలూరులో, వీడు ఎనిమిది రోజుల పసికందుగా నా పక్కలో పడుకుని ఉండగా మా నాన్నగారు రోజుకి నాలుగుసార్లు అడిగేవారు. అప్పుడు నేను చెప్పిన జవాబు గుర్తొచ్చింది.

ఆనాటి వేసవుల గురించి నా ఈడు వారికి నేను కొత్తగా చెప్పేదేముంది. కరెంటు పంకా దొరల బంగళాల్లో ఉంటుందట అని వినడమే గాని మన ఇళ్ళల్లో ఉన్నవి తాటాకు విసనకర్రా, వీధరుగూ, ఇసకలో కూర్చోబెట్టిన మంచినీళ్ళ కుండా, అంతే కదా. అయినా మనవాళ్ళు ఎండాకాలాన్ని ఎంత నేర్పుగా దాటించేవారో తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పొద్దెక్కకముందే వంట ముగించి పొయ్యి ఆర్పేసేవారు. పరుపులు చుట్టి అటకెక్కించి, కొల్లేటి తుంగచాపలు పరిచేవారు. ఏ వేళకి ఏ తలుపు మూయాలో, ఏ వేళకి ఏ కిటికీ తీయాలో ఇంట్లో ఆడవాళ్ళకి గడియారం చూడకుండా తెలిసేది. ఈ నేర్పంతా ఎవరూ పుస్తకంలో రాసి పెట్టుకోలేదు, అందుకే అది వాళ్ళతోనే పోయింది.

మా నాన్నగారు ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. ఏదో కాగితం మీద సంతకానికని ఒకసారి దొరగారి గదిలోకి వెళ్ళి, అక్కడ కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడికల చల్లదనం చూసి వచ్చి, ఆ వాసన గురించి వారం రోజులు చెప్పారు. నేను పెంటపాడులో మా అత్తవారింటినుంచి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చేసరికి, నా పురిటిగది పడమటి కిటికీకొకటి, తలుపుకొకటి, రెండు తడికలు చేయించి సిద్ధంగా ఉంచారు. అలాంటివి మా వీధిలో ఇంకెవరికీ లేవు. బాలింతకి గాలి తగలకూడదని పెద్దల ఆచారం, కూతురు ఉడికిపోకూడదని ఆయన ఆరాటం. ఈ తడికలతో రెండూ నెగ్గుతాయని ఆయన ధీమా.

ఆ ధీమాలో తప్పు లేదు. పురుడొచ్చిన మొదటి అయిదారు రోజులూ పడమటి గాలి నిప్పులు చెరిగింది. ఆ పొడి గాలి తడిసిన వట్టివేళ్ళలోంచి దూరి వచ్చేసరికి ఒళ్ళు జలదరించేంత చల్లగా, తొలకరి మట్టివాసనతో ఉండేది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు మైలకి ఎడంగా గుమ్మం అవతలే నిలబడి ఆ చలవ అనుభవించి, మీ నాన్నగారిలాంటి తండ్రి ఎవరికుంటారమ్మా అని మెచ్చుకుని వెళ్ళేవారు. పదిహేడేళ్ళదాన్ని, నాకూ గర్వంగానే ఉండేది.

రోహిణికార్తె నడిమిలో గాలి తిరిగింది. పడమర స్తంభించిపోయి, దక్షిణాన కొల్లేటి మీదుగా చెమ్మ మోసుకొచ్చే గాలి మొదలయింది. ఆకాశం నిండా మబ్బే గాని చినుకు లేదు. కట్టుకున్న చీర ఒంటికి అతుక్కుపోయేది. తడికలు తడిపినకొద్దీ నా గది కుడుములు ఉడికే కుండలా తయారయింది, పైగా మూలన బాలింత కుంపటి ఒకటి. నాన్నగారికి మాత్రం నీళ్ళు చాలడం లేదనే తోచింది. మధ్యాహ్నం ఆఫీసునుంచి ఆ ఉక్కలో నడిచొచ్చి, చొక్కా అయినా విప్పకుండా నూతిలోంచి తోడి తోడి తడికల మీద గుమ్మరించి, పంచె అంతా తడిసి ముద్దయి, తడిక అవతలనుంచి, "చల్లగా ఉందా అమ్మాయ్?" అనేవారు.

"ఉందండీ నాన్నగారూ," అనేదాన్ని.

పిల్లాడికి మెడా, వీపూ, చంకలూ చెమటకాయలతో పేలిపోయాయి. ఏడ్చి ఏడ్చి, ఎనిమిదో రోజుకి ఏడవడం కూడా మానేశాడు. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసి కళ్ళు తేలవేసేవాడు. మా అమ్మ దిష్టి తీసింది, వైద్యుడికి కబురు పెట్టింది, దేవుడికి మొక్కుకుంది. ఆ తడికలు తీసేద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది, నేను అనలేదు. అంత ప్రేమగా చేయించిన తండ్రి మనసు కష్టపెట్టలేక బిడ్డని కష్టపెట్టాను, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేమిటి.

ఆ మధ్యాహ్నమే మా మేనత్త వచ్చింది. నాన్నగారికి పెద్దక్క, తల్లి పోయాక ఆయన్ని చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ కాపరం కొల్లేటి ఒడ్డున. పదకొండోరోజు పురుడు చూసి వెళదామని సగం దూరం దోనెలో, సగం దూరం ఎడ్లబండిలో, తుంగచాపల చుట్టతో వచ్చింది. కాళ్ళు కడుక్కుని, తడిక కాస్త ఎత్తి నన్నూ పిల్లాణ్ణీ చూసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఉప్పుజాడీ మూత తీసి చెయ్యి పెట్టింది. కొల్లేటి ఒడ్డు ఆడవాళ్ళకి వేసవిలో అది రోజూ చేసే పని. ఉప్పు పొడిగా గలగల్లాడితే ఇంట్లో నీళ్ళు చల్లుకుంటారు, చేతికి అంటుకుంటే ఇల్లంతా తెరిచేస్తారు. చుట్టూ నీళ్ళ మధ్య బతికేవాళ్ళకి చెమ్మ సంగతి తెలియకపోతే రోజు గడవదు మరి.

ఆవిడ ఆ తడి ఉప్పు గుప్పిట్లో పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళడం, నాన్నగారి ముఖం ముందు గుప్పిలి తెరవడం తడిక సందులోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"ఏరా తమ్ముడూ, ఉప్పుకే చెమటలు పోస్తుంటే ఇంకా నీళ్ళు పోస్తావేంట్రా? ఆ చేద అక్కడ పెట్టి నిచ్చెన తీసుకురా."

చల్లగా ఉందని అమ్మాయే చెబుతోంది కదక్కా అన్నారు నాన్నగారు, పాపం.

"నీ మొహం చూసి చెబుతోందిరా. నా మొహం చూసి చెప్పమను."

వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను భోరున ఏడ్చాను. అదే జవాబయింది.

ఆ తరవాత ఆవిడ చేసిన పని ఎంతసేపు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. మైల అని ఎవరైనా అనేలోపే, ఈ ఉక్కలో రోజుకి పది స్నానాలు చేసినా నాకు మంచిదేలే అంటూ లోపలికి వచ్చి తడికలు ఊడబెరికింది. కుంపటి వసారాలోకి నెట్టింది. గాలి రాకుండా గోనెపట్టా కొట్టి ఉంచిన దక్షిణపు కిటికీ తెరవబోతే, మా అమ్మ కంగారుపడుతూ, "గాలి తగిలితే సంధి కొట్టి జ్వరం వస్తుందేమో వదినగారూ," అంది. మేనత్త కోప్పడలేదు. నా తలకి గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, గాలి కాళ్ళవైపునుంచి పోయేలా మంచం తిప్పి, "ఇంక సంధి వస్తే నన్నడుగు," అంది. ఆచారాన్ని కాదనకుండానే కిటికీ తెరిచిన ఆ ఉపాయానికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. అటు మా నాన్నగారు ఆఫీసు చొక్కాతోనే కప్పెక్కి, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, అక్క కిందనుంచి చూపించిన చోట నాలుగు పెంకులు తీశారు. గదిలో మరిగి ఉన్న వేడి ఆ కంతలోంచి పైకి పోవడం, దక్షిణపు గాలి కిందగా లోపలికి రావడం నాకు ఒంటికి తెలిసింది.

పిల్లాడి గుడ్డలన్నీ విప్పి, పొడిబట్టతో ఒత్తి తుడిచి, తుంగచాప మీద పడుకోబెట్టి పక్కన కూర్చుంది. విసనకర్ర గబగబా ఆడించదు ఆవిడ. మణికట్టు కదలకుండా, బారుగా, తాపీగా, సాయంత్రందాకా చెయ్యి మార్చకుండా విసిరింది. పొద్దువాలే వేళకి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు నేను మళ్ళీ వినలేదు. ఎత్తుకుంటే కడుపునిండా తాగాడు.

నాన్నగారు చిన్నబుచ్చుకోలేదు, తడికలు పారేయనూ లేదు. ఆ తరవాత ప్రతి వేసవిలోనూ ఆఫీసుకి వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి, ఉప్పుజాడీలో వేలు పెట్టి, పొడిగా ఉంటేనే తడికలు తడపమని చెప్పి వెళ్ళేవారు. నాతో మాత్రం ఒకే ఒక్కసారి అన్నారు, చల్లగా ఉందా అని నేను అడిగింది ఉందో లేదో తెలుసుకోడానికేనమ్మా అని.

ఇప్పుడు మా ఇంటికి దక్షిణంవైపు పక్కవాళ్ళ గోడ. పెంకులు లేవు, తీయడానికి శ్లాబు ఒప్పుకోదు. పాకెట్లలో వచ్చే ఉప్పు ఏ గాలి వీచినా ఇసకలా జారుతూనే ఉంటుంది, దానికి కాలంతో పని లేదు. నేను మాత్రం మొండిగా ఒక జాడీలో కళ్ళుప్పు ఉంచుకుంటాను, ఎందుకత్తయ్యగారూ అని కోడలు నవ్వుతుంది. మొన్న మా అబ్బాయి మూడోసారి అడగబోతుంటే, ముందు ఆ జాడీ తెచ్చి అందులో చెయ్యి పెట్టమన్నాను. పెట్టాడు. వేళ్ళకి అంటుకున్న ఉప్పుకేసి, నాకేసి, అర్థంకాక చూశాడు.

చల్లగా లేదురా నాన్నా, ఆ నీళ్ళు ఆపేసి కిటికీ తియ్యి అన్నాను. మా నాన్నగారికి చెప్పవలసిన ఆ మాట ఆయన మనవడికి చెప్పడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.