బోరింగులో మారయ్య తోలు

ఆ ఊళ్లో బావి నీళ్లు తోడే మోటకు తోలు తొండం కుట్టాలంటే మారయ్యే కుట్టాలనేవారు. అతను కుట్టిన తొండం ఏడాది పొడుగునా బావిలో నానినా కుట్టు దగ్గర చుక్క కారేది కాదు. నకిరేకల్ చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా రైతులు తోళ్లు పట్టుకుని మాదిగవాడకు, అతని గుడిసె ముందుకు వచ్చేవారు.

తర్వాత బావుల మీదికి ఇంజన్లు వచ్చాయి. మోటలు ఒక్కొక్కటే మూలబడ్డాయి. ఆ వెనుకే రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. బావులే ఎండిపోయాక ఇంజను మాత్రం దేన్ని తోడుతుంది?

పందొమ్మిది వందల అరవై ఏడు మాఘమాసంలో ఊరి పటేలు మల్లప్ప పట్నం నుంచి మిషను తెప్పించి, తన ఇంటి వాకిట్లో బోరు వేయించాడు. రాతిని తొలుచుకుంటూ నూరు అడుగులు పోయాక నీళ్లు పడ్డాయి. దాని మీద చేతిపంపు నిలబెట్టారు. ఊరు దాన్ని బోరింగు అంది. అందరూ బిందెలు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. మాదిగవాడ ఆడవాళ్లు మాత్రం దర్వాజ బయట నిలబడాలి. ఊరు పట్టుకోవడం అయ్యాక పటేలు జీతగాడు లింగస్వామి వచ్చి, తగలకుండా చేయి ఎత్తి, వాళ్ల కుండల్లో పోసేవాడు. మారయ్య భార్య ఉప్పలమ్మ పొద్దున పోతే పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక్క కుండతో తిరిగొచ్చేది.

చైత్రంలో ఒకనాడు పంపు చెడిపోయింది. మల్లప్ప స్వయంగా మారయ్య గుడిసె దాకా వచ్చాడు.

"ఎంత కొట్టినా గాలే వస్తాంది మారయ్యా. లోపలి తోలు అరిగిందంటుండు నకిరేకల్ మేస్త్రి. కొత్తది పట్నం నుంచి రావాల్నట. నీకేమన్న చేతనైతదా?"

"జర చూపియ్యి పటేలా," అన్నాడు మారయ్య.

కూలీలు పైపులు ఒక్కొక్కటే పైకి లాగి విప్పారు. అడుగున ఇత్తడి గొట్టం, అందులో కడ్డీ చివర గిన్నెలా వంచిన తోలు. అది అంచుల వెంట పీలికలై ఉంది. మారయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కడ్డీ పైకి లేచినప్పుడు గొట్టానికి అతుక్కుని నీళ్లను ఎత్తేది ఈ బెత్తెడు తోలే. మోట తొండం ముందు ఇదెంత పని అనుకున్నాడు.

అంత సులువు కాలేదు. తంగేడు బెరడుతో ఊరేసి పదును చేసిన దున్నపోతు తోలు కోసి, కర్రదిమ్మె మీద వంచి ఆరబెట్టి బిగించాడు. నీళ్లలో దిగాక అది ఉబ్బి గొట్టంలో ఇరుక్కుపోయింది. కూలీలు నవ్వారు. మళ్లీ పైపులన్నీ పైకి లాగారు. రెండోది పలుచగా గీసి, ఆముదం పట్టించి, ఒక రాత్రంతా నానబెట్టి, ఉబ్బినంత ఉబ్బాక అంచు సరిచేశాడు. దించి కొడితే ముందు తుప్పు నీళ్లు, తర్వాత తేట నీళ్లు ధారగా పడ్డాయి. మారయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడే మల్లప్ప తల్లి జానమ్మ లోపలి నుంచి పసుపు నీళ్ల చెంబుతో వచ్చింది. మారయ్య చేయి పెట్టిన పంపు మీద, అతను నిలబడ్డ బండ మీద ఆ నీళ్లు చల్లింది. దర్వాజ బయట ఖాళీ కుండతో నిలబడ్డ ఉప్పలమ్మ అదంతా చూసింది. ఇంటికొచ్చాక ఆమె కుండను అతని ముందే బోర్లించింది. అదే అతనికి కష్టమనిపించింది.

మృగశిర కార్తె దాటినా చినుకు లేదు. పంపు మళ్లీ ఆగింది. ఈసారి లింగస్వామి పిలవడానికి వస్తే మారయ్య లేవలేదు.

"తోలు చేస్తనని చెప్పు పటేల్‌కు. కానీ మా ఆడోళ్లు లోపలికొచ్చి, వాళ్ల నీళ్లు వాళ్లే కొట్టుకోవాలె."

మల్లప్ప మండిపడ్డాడు. పట్నం తోలు తెప్పించి మేస్త్రితో వేయించాడు. బోరులో ఇసుక ఊరుతోందేమో, అది పదిరోజులకే చిరిగింది. ఊరివాళ్లు బండ్లు కట్టి దూరపు బావుల నుంచి పీపాల్లో తెచ్చుకున్నారు. వాడలో బండ్లు లేవు. ఆడవాళ్లు రెండు కోసులు నడిచి వాగు ఇసుకలో చెలిమెలు తోడారు. ముంత నిండడానికి గంట పట్టేది.

"నీ పంతానికి మా గొంతులెండుతున్నయ్," అని పక్కింటి సోమమ్మ మారయ్య ముఖం మీదే అంది. "పోసిన నీళ్లన్న దొరికేటియి. గవ్వి గూడ పోగొట్టినవ్."

 చంటిపిల్లల పెదాలు పగిలి ఉండడం అతనూ చూస్తున్నాడు. ఆ సాయంత్రం తోలు కోసే రంపె, కర్రదిమ్మె మూటగట్టుకుని బయలుదేరబోయాడు. ఉప్పలమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"యాడికి?"

"నేను తప్పు జేసిన. పొయ్యి చేసిస్త."

"ఇప్పుడు పోతే మళ్ల ఎన్నడడుగుతవ్? నేను ఇంకో నాలుగు దినాలు వాగుకు పోతా. కూసో."

నాలుగు దినాలు కాలేదు. మూడోనాడు మల్లప్ప వచ్చాడు. అతని పాడిబర్రె ఆ పొద్దున నీళ్లు లేక కుప్పకూలింది.

"పొద్దుగూకినంక, ఊరోళ్లందరూ పోయినంక కొట్టుకోండ్రి. అంతకన్న ఒప్పుకోను. మా అమ్మ పానం తీసుకుంటనంటాంది."

మారయ్య అడిగినదాంట్లో అది సగమే.  వాడ మొత్తం అతని నోటి వైపే చూస్తోంది. తల ఊపాడు.

మర్నాడు అతను కొత్త తోలు బిగించాక, పొద్దుగూకే వేళ ఉప్పలమ్మ ముందు నడిచింది. పంపు పిడి పట్టుకుంది. రెండుసార్లు ఊరికే కొట్టింది, మూడోసారికి నీళ్లు వచ్చాయి. అరుగు మీద కూర్చున్న జానమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆనాటి నుంచి ఆమె ఆ బోరింగు నీళ్లు ముట్టలేదు. ఆమె కోసం వేరే బిందె దూరం నుంచి వచ్చేది.

శ్రావణంలో వానలు పడ్డాయి, బావులు ఊరాయి. వాడవాళ్లు మాత్రం పొద్దుగూకాక ఆ వాకిట్లోకి పోవడం మానలేదు. మల్లప్ప రమ్మనలేదు, వద్దనలేదు. మూడు నెలలకోసారి మారయ్య తోలు మార్చేవాడు. అతను వెళ్లాక ఇంట్లోవాళ్లు పంపు మీద పసుపు నీళ్లు చల్లుతున్నారో లేదో అతను ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు.