నక్కకు వచ్చిన అనుమతి

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. బస్సు ఆలస్యమైతే స్టాండులో ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతాను. అన్నం ఉడికేలోపు ఊరికే మూత తీసి చూస్తాను. హైస్కూల్లో బయాలజీ చెబుతాను కాబట్టి, పగలంతా నిలబడి ఉండే ఉద్యోగం నీకు భలే దొరికిందని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు. అలాంటి నన్ను చట్టం ఒక నక్క పక్కన కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున్న మొదలైతే సోమవారం గానీ తెమల్లేదు. ఆ చిరాకు నాకింకా పోలేదు.

మొగల్తూరు దాటాక మాకు రొయ్యల చెరువులున్నాయి. ఆ ఆదివారం మేత బస్తాలు దింపించడానికి వెళ్తుంటే నేను కూడా మా ఆయన వెంట బయల్దేరాను. రోడ్డు దిగి చెరువు గట్టు ఎక్కే మలుపులో తుంగ కదిలింది. కుక్కేమో అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే నక్క. రాత్రి ఏదో లారీ కొట్టేసి ఉంటుంది. ముందు కాళ్ళ మీద లేవబోతోంది, నడుము నుంచి వెనక భాగమంతా తడిగుడ్డలా నేల మీదే ఉండిపోతోంది. లేవబోవడం, పడటం, మళ్ళీ లేవబోవడం. అరవడం లేదు. అరిచినా నాకు కాస్త నయంగా ఉండేదేమో.

మా చెరువుల మీదికి నక్కలు రావడం మామూలే. చచ్చిన రొయ్యల్ని గట్టు మీద పారేస్తాం, అవి చీకటి పడగానే వచ్చి తినిపోతాయి. వాటి మీద ఇక్కడ ఎవరికీ కోపం లేదు. పైగా పని మీద బయల్దేరినప్పుడు నక్క కనిపిస్తే కలిసొస్తుందని నమ్మకం. అనుకోకుండా మేలు జరిగినవాణ్ణి నక్క తోక తొక్కావా అని అందరూ అడుగుతారు, మా వైపు అది ఉత్త సరదాకి అడిగే మాట కాదు.

మకాం దగ్గర, అంటే మా కాపలా గదిలో, గునపం ఉంది. ఒక్క దెబ్బతో దాని బాధ తీరిపోతుంది, కాపలా మనిషికి చెప్పండి అన్నాను మా ఆయనతో. ఆయన నావైపు వింతగా చూశారు. పాఠం కోసం కప్పని కోయాల్సి వచ్చిన రోజుల్లో మొహం పక్కకి తిప్పుకున్న మనిషిని నేను. అడవి జంతువు మీద చెయ్యి వేస్తే కేసవుతుంది, ముందు ఫారెస్టు వాళ్ళకి చెబుదాం అంటూ ఆయన ఫోను తీశారు. నాకు తెలియని సంగతా? వన్యప్రాణుల రక్షణ గురించి పిల్లలకు పాఠం చెప్పేది నేనే. చంపకూడదని ఆ పాఠంలో ఉంది. బతకలేక, చావలేక గట్టు మీద పడి ఉన్నదాన్ని ఏం చెయ్యాలో లేదు.

మధ్యాహ్నానికి ఫారెస్టు బీట్ ఆఫీసర్ గారు వచ్చారు. సెలవు రోజైనా పశువుల డాక్టర్ గారిని బతిమాలి వెంటబెట్టుకొచ్చారు. డాక్టర్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, నక్క మూతికి గుడ్డ చుట్టి, నెమ్మదిగా తడిమి చూశారు. వెన్ను విరిగింది, ఇక బతకదు అన్నారు. నొప్పి తగ్గడానికి ఒక ఇంజక్షను చేశారు. అదే గేదె అయితే ఇప్పుడే నిద్రపుచ్చేసేవాణ్ణి అని కూడా అన్నారు. దీనికి మాత్రం ఆయన రిపోర్టు రాయాలట, అది పై ఆఫీసుకి వెళ్ళాలట, అక్కడి నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలట. అప్పటిదాకా కదిపితే ఇంకా నరకం, ఇక్కడే నీడ చేసి ఉంచమన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే, చేయగలిగిందంతా చేస్తున్నారు. కోపం తీర్చుకోవడానికి ఒక్క చెడ్డ మనిషీ దొరకలేదు నాకు.

అయినా ఊరుకోలేదు. కళ్ళ ముందు ప్రాణం కొట్టుకుంటుంటే ఆ సంతకం దేనికని డాక్టర్ గారినే నిలదీశాను. ఆయన చేతులు కడుక్కుంటూ జవాబు చెప్పారు.

"మీరు జాలితో అంటున్నారండి, నాకు తెలుసు. రేపు నక్క కొమ్ము కోసం చంపినవాడు కూడా జాలిపడే చంపానంటాడు. ఎవరిది జాలో, ఎవరిది కాదో నేనెలా తేల్చనండీ?"

నక్క కొమ్ము అనేది ఒకటి ఉంటుందని, అది ఇంట్లో ఉంటే అదృష్టమని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. దానికోసం నక్కల్ని చంపేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్ గారు అన్నది నిజమే. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండింది. కాలుగాలిన పిల్లిలా ఆ గట్టు మీద తిరుగుతూనే ఉన్నాను.

సాయంత్రానికి సంగతి ఊళ్ళోకి పాకింది. జనం రావడం మొదలుపెట్టారు. రాళ్ళు వేయడానికి కాదు, దణ్ణం పెట్టుకోవడానికి. ఒకాయన పొలం రిజిస్ట్రేషను ఉందని వచ్చాడు. ఇంకొకాయన తెల్లారితే తన చెరువులో రొయ్యల పట్టుబడి ఉందట, ధర పడిపోకూడదని మొక్కుకుని వెళ్ళాడు. పెళ్ళిచూపులకు వెళ్తున్నవాళ్ళు కారు ఆపి మరీ దిగారు. చుట్టూ అంతమంది మనుషులు, మధ్యలో అది లేవబోయి పడుతోంది. ఇది చచ్చిపోతోందండీ అని చెప్పాను. పాపమండీ అంటూనే మెడలు చాచి చూశారు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ధాన్యం ఆరబోసుకునే బరకం తెచ్చి, నాలుగు కర్రలు పాతి, చుట్టూ కట్టేశాను. ఇంత కోపం అవసరమా అన్నట్టు చూశారు మా ఆయన.

రాత్రి కుక్కలు రాకుండా ఆయన, కాపలా మనిషి అక్కడే పడుకున్నారు. నేను ఇంటికొచ్చానే గానీ నిద్ర లేదు. నిజంగా నక్క బాధ తీరాలనే అంత తొందరపడుతున్నానా, నేను చూడలేక అది పోవాలనుకుంటున్నానా అని ఒకటే ఆలోచన. అది బతకడానికే కదా లేవబోతోంది. చావాలని దానికుందని నాకెవరు చెప్పారు? మళ్ళీ ఆ వెనక కాళ్ళు గుర్తొచ్చేవి, గునపమే మేలనిపించేది. తెల్లారేదాకా ఇదే గొడవ. హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి సెలవు చెప్పి, మళ్ళీ చెరువు దగ్గరికి వెళ్ళిపోయాను.

వెళ్ళేసరికి గట్టు కింద ఆటో ఆగి ఉంది. ఒకావిడ దిగి నాకు ఎదురొచ్చింది. పక్క ఊరట, టీచరు గారూ అని పలకరించింది. వెనక సీట్లో ఆవిడ భర్త దిండుకి జారబడి ఉన్నాడు. గుండె ఆపరేషనుకి రాజమండ్రి తీసుకెళ్తున్నారు. ఒక్కసారి చూసి వెళ్తామండీ అని అడిగింది. నిన్నటి నుంచి అందర్నీ తరిమినదాన్ని, ఆవిణ్ణి తరమలేకపోయాను. బరకం పైకెత్తాను.

నక్క అప్పటికి లేవబోవడం మానేసింది. పక్కటెముకలు మాత్రం ఎగసి పడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆయన మాత్రం ఆటోలోంచే దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు.

"దీన్నెందుకండీ ఇలా ఉంచేశారు?" అన్నాడు.

నిన్నటి నుంచి వచ్చినవాళ్ళలో ఆ మాట అడిగింది ఆయనొక్కడే. పై నుంచి అనుమతి రావాలండి, దాని కోసమే చూస్తున్నాం అన్నాను. ఆయన తల ఊపాడు. ఆటో వెళ్ళిపోయింది.

అనుమతి మధ్యాహ్నం బీట్ ఆఫీసర్ గారి ఫోనుకి వచ్చింది. డాక్టర్ గారు మళ్ళీ వచ్చి ఇంజక్షను చేశారు. పెద్దగా ఏమీ జరగలేదు. ఎగసిపడే పక్కటెముకలు నెమ్మదించి ఆగిపోయాయి. పాతిపెడితే కొమ్ము కోసం ఎవరైనా తవ్వేస్తారని, మా అందరి ఎదుటే కొబ్బరి మట్టలు పేర్చి కాల్చేశారు. రికార్డు కోసం ఆఖరి దాకా ఫోటోలు తీసుకున్నారు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఇంటికొచ్చి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

కొన్నాళ్ళ తర్వాత స్కూలు వదిలే వేళ గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ముందు పోల్చుకోలేదు. బొట్టు లేదు. ఆటోలో వచ్చినావిడేనని ఆ తర్వాత అర్థమైంది. స్టాఫ్ రూంలోకి రమ్మన్నాను, ఇక్కడే బాగుందండి అంది. ఒక మాట కనుక్కుని వెళ్ళిపోతానంది.

ఆపరేషనయ్యాక ఆయన రెండు మూడు రోజులు బాగానే మాట్లాడాడట. ఆ తర్వాత జ్వరం పట్టుకుని తెలివి తప్పిందట. ఇక లేవడని డాక్టర్లే చెప్పారట. మిషన్ల మీద ఉంచారట.

"మాట ఉన్నన్నాళ్ళూ ఆ నక్క గురించే అడిగారండి. దానికి అనుమతి వచ్చిందో లేదో టీచరు గారిని కనుక్కోవే అన్నారు. అప్పుడు నాకు తీరలేదు. వచ్చిందా అండి?"

"వచ్చిందండి. మీరు వెళ్ళిన రోజే."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. పిల్లలు మా ఇద్దరి పక్కనుంచి అరుచుకుంటూ సైకిళ్ళ మీద వెళ్తున్నారు.

"నయమండి," అంది. "నేనూ అడిగానండి, ఆయన్ని ఇంక వదిలేయమని. ఎవర్నడిగినా మా చేతుల్లో లేదమ్మా అన్నారు."

ఎన్నాళ్ళలా ఉంచారని నేను అడగలేదు.