ఒళ్ళునొప్పుల పొట్లం

పిడుగురాళ్ల నుంచి గుంటూరు వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. మిరపకోతకు వెళ్లి వస్తోందని చీరలోని ఘాటే చెప్పింది. ఉబ్బి గుండ్రంగా ఉన్న ఆ ముఖం చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను నడుం పట్టుకోవడం చూసి, కొంగుముడి విప్పి ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది.

“వేసుకో బాబూ, గంటలో తగ్గిపోయిద్ది. రెండేళ్ల నుంచి రోజూ ఇదే నా మందు. ఏదన్నా తిని వేసుకో, లేకపోతే కడుపులో మంట.”

లోపల రెండు మాత్రలు ఉన్నాయి. ఒకటి స్టెరాయిడ్, రోజూ వాడితే ముఖం అలా ఉబ్బేది దాంతోనే; ఇంకోటి నొప్పుల బిళ్ళ. రెండూ కలిపి రోజూ మింగితే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చని నాకు తెలుసు. మందుల షాపులో పనిచేసిన మూడేళ్లూ కూలీలకు ఇలాంటి పొట్లాలు కట్టిచ్చింది నేనే.

“ఇంటికెళ్లి అన్నం తిని వేసుకుంటానమ్మా,” అని జేబులో పెట్టుకున్నాను.

డాక్టరుకు చూపించుకోమని చెప్పడానికి గుంటూరు దాకా సమయం ఉంది. చెబితే, నీకెట్టా తెలుసని అడుగుతుంది. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

బస్టాండులో ఆవిడే నా భుజం తట్టి లేపింది.

“మందు మర్చిపోమాక బాబూ,” అంది.