ఒక వోల్టు గీత దాటిన మధ్యాహ్నం

బళ్లారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను పరిశోధన చేస్తున్న రోజులవి. బొగ్గును మండించకుండా దాని నుంచి నేరుగా కరెంటు తీయాలన్నది నా పని. కాలువ కింద మా పొలంలో పండిన వడ్ల ఊకనే బొగ్గు చేసి, మెత్తగా నూరి, సెరామిక్ గొట్టంలో నింపి, కరెంటు కొలిమిలో పెట్టేదాన్ని. బాగా వేడెక్కాక గాలిలోని ఆక్సిజన్ ఆ గొట్టం గోడ గుండా లోపలికి చేరి కార్బన్‌తో కలుస్తుంది. అప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లే తీగ వెంట బయటికొచ్చే కరెంటు.

ల్యాబులో నాకు తోడు ఒక పెద్దాయన. కుడతిని పవర్ స్టేషన్లో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ టెక్నీషియన్‌గా చేరాడు. "మంట లేకుండా బొగ్గులోంచి కరెంటు యాడ వస్తాదమ్మా?" అని మొదట్లో నవ్వాడు. తర్వాత నాకంటే ఆయనకే పట్టుదల ఎక్కువైంది.

ఆ రోజు మధ్యాహ్నం ఇనుప ఖనిజం లారీల ఎర్రదుమ్ము పడకుండా కిటికీలు మూసేశాం. కొలిమి ఎనిమిది వందల డిగ్రీలు దాటింది. కార్బన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారితే మీటరు ఒక వోల్టు కాస్త దాటి ఆగాలి. నెలల తరబడి మాది అక్కడికే చేరలేదు. ఆ రోజు ఆ గీత దాటి ఇంకా ఎక్కుతోంది. ఫోన్ చేస్తే మా ప్రొఫెసర్, "దేన్నీ కదిలించొద్దు, రాస్తా ఉండు" అన్నారు. రెండు రోజుల్లో పరిశోధన కమిటీ ముందు లెక్కలు చూపించాలి.

"అన్నా, చూసినారా?" అన్నాను.

కొలిమి పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన తలెత్తలేదు. "తల దిమ్ముగా ఉండాదమ్మా. ఎండకేమో."

నా కణతలు కూడా అప్పటికే కొట్టుకుంటున్నాయి. మీటరు వైపు చూశాను. ఒక్కసారిగా అర్థమైంది. కార్బన్ సగమే మారి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంటే వోల్టేజీ అలా ఎక్కుతుంది. రంగూ వాసనా లేని విషవాయువు. దాన్ని బయటికి లాగాల్సిన ఫ్యాను వైపు చూస్తే రెక్కలు కదలడం లేదు. కరెంటు పోయింది. కొలిమి, మీటరు, లైట్లు జనరేటర్ మీద నడుస్తున్నాయి కాబట్టి మాకు తెలియలేదు. ఫ్యాను ఒక్కటే మామూలు లైను మీద ఉంది. గ్యాస్ అలారం కోసం నేను పెట్టిన అర్జీ ఆఫీసులోనే పడి ఉంది.

కొలిమి ఆపి తలుపు తెరిచాను. ఆయన లేవబోయి మోకాళ్ల మీద కూలిపోయాడు. చంకల కింద చేతులు వేసి ఈడ్చాను.

"లెయ్యన్నా! లెయ్!"

"ఏనాయ్తు మేడమ్?" అని ఏమైందో కన్నడంలో అడుగుతూ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి ఆయన్ను వరండాలోకి చేర్చాం. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టిన గంటకు గానీ ఆయన మాట స్పష్టం కాలేదు.

"రీడింగ్ రాసుకుంటివా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ప్రొఫెసర్ అన్నారు: "ఆ నంబరొక్కటి చూపిస్తే చాలమ్మా. మిగతా గొడవంతా ఏటికి?"

కావాలని ఆయన మాట దాటడం నాకదే మొదటిసారి. కమిటీకిచ్చే రిపోర్టులో నంబరు రాశాను. దాని కిందే ఫ్యాను ఆగిందని, గది గ్యాస్‌తో నిండిందని, మనిషి పడిపోయాడని రాశాను. కమిటీ పని ఆపించింది. అలారం బిగించి, ఫ్యానును జనరేటర్ లైనుకు కలిపేసరికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ ప్రొఫెసర్ నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

పెద్దాయన మళ్లీ పనిలోకి వచ్చాడు. ఆయన కాసేపు మాట్లాడకపోతే చాలు, చేస్తున్న పని వదిలి తిరిగి చూసేదాన్ని.

"బతికే ఉండానమ్మా," అనేవాడు విసుగ్గా.