కొబ్బరాకుల తాడు దగ్గర ఆపిన పడవ

1972లో వేసవి దాటాక, మద్రాసు రేవులో ఒక సరుకుల ఓడ మీద నన్ను కళాసీగా, అంటే డెక్కు పనివాడిగా తీసుకున్నారు. ఆ ఓడ పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు వెళ్ళి ఎండుకొబ్బరి ఎక్కించుకురావాలి. మా ఊరు రేపల్లె దిగువన సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. ఇప్పుడు నేనుంటున్న బాపట్లలో మా వీధి పంతులుగారు ఓడ బతుకు ఎలా ఉంటుందో రాయమని పట్టుబట్టారు కాబట్టి రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం దిద్దవలసింది ఏమీ లేదు.

ఓడ మీద అందరికీ పైన కెప్టెన్. ఆయన తర్వాత చీఫ్ ఆఫీసరు, మేము మేటు దొర అనేవాళ్ళం. డెక్కు మీద పనంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన మాటను మాకు చేర్చేవాడు సరంగు, అంటే కళాసీల పెద్ద. మా సరంగు కాకినాడ మనిషి, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. వంటవాడు వెంకటరత్నం తెనాలివాడు, ఎవరినీ ఊరికే వదలడు. కళాసీ మేటుతో నేరుగా వాదించకూడదు. చెప్పుకోవలసింది ఏదైనా సరంగు ద్వారానే చెప్పుకోవాలి. పడవలో ఉన్నప్పుడైతే అసలు నోరెత్తకూడదు. ప్రయాణం అయ్యాక మా సీమన్ బుక్కులో పనికి ఒకటి, నడవడికకు ఒకటి 'వెరీ గుడ్' అని ముద్ర పడాలి. రెండోది పడకపోతే తర్వాత ఓడ దొరకడం కష్టం.

సమోవాలో మాకు వానలు తగిలాయి. ఎండుకొబ్బరి తడిగా ఎక్కిస్తే లోపల వేడెక్కి ఓడకే ముప్పు వస్తుంది. అందుకని సరుకు ఆరేదాకా ఎగుమతి ఆపేశారు. ఆ ఖాళీలో మేటు దొర తీరం వెంబడి ఉన్న ఒక పాత ఊరు చూడాలన్నాడు. ఆ ఊళ్ళో పగడపురాళ్ళ సున్నంతో కట్టిన చర్చి, నీటి ఒడ్డునే పూర్వపు పెద్దల రాతి సమాధులు ఉన్నాయని విన్నాడు. వస్తున్నామని ముందే కబురు కూడా పంపాడట. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. లైఫ్‌బోటు దించారు. చిన్నప్పటి నుంచి తెప్ప మీద కెరటాలు దాటినవాణ్ణని వెనక తెడ్డు నాకిచ్చారు. పడవ ఎటు తిరగాలో ఆ తెడ్డే చెబుతుంది. మేటు దొర, సరంగు బాబాయ్ ముందు కూర్చున్నారు. వెంకటరత్నం కూడా టిఫిన్ డబ్బాలతో ఎక్కాడు.

నీటి అడుగున పగడపురాళ్ళు గోడలా ఉన్నాయి. మధ్యలో పడవ పట్టేటంత సందు ఒక్కటే ఉంది. ఆ సందు ముందుకు వచ్చేసరికి ఒడ్డు కనబడింది. దిగే చోట రెండు గుంజలు పాతి, వాటికి అడ్డంగా తాడు కట్టారు. తాడు నిండా చీల్చిన కొబ్బరాకులు వేలాడుతున్నాయి. నేను తెడ్డు అడ్డం పెట్టి, తెడ్లు వేసేవాళ్ళను ఆపమన్నాను.

మా ఊళ్ళో అమ్మవారి కొలుపు జరిగేటప్పుడు ఊరు కడతారు. వేపమండలు, కొబ్బరాకులు గుచ్చిన తాడు పొలిమేరలోనూ పడవలు దిగే చోటా కడతారు. అమ్మవారిని సాగనంపేదాకా బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. చేపలు కొనే షావుకారు వచ్చినా తాడు అవతలే నిలబడాలి. మా నాన్న వేటకు పోయి ఆలస్యమైతే, కట్టిన ఊళ్ళోకి రాలేక పడవలోనే పడుకున్న సంవత్సరం ఉంది. ఆ తాడు దాటడమంటే నా దృష్టిలో ఒకరి ఇంటి తలుపు తన్నడమే.

మేటు దొర పోనివ్వమన్నాడు. నేను కదల్లేదు. సరంగు బాబాయ్ వెనక్కి తిరిగి, "ఏంట్రా ఆపావ్? రాయి ఉందా?" అన్నాడు.

"రాయి కాదు బాబాయ్. ఊరు కట్టారు. కట్టిన ఊళ్ళోకి నేను పడవ పెట్టను."

"ఇదేమన్నా మీ రేపల్లె అనుకున్నావా? దొర మండిపోతున్నాడు, పోనీ."

"ఎవరి ఊరైనా ఊరే. అడిగి, వాళ్ళు రమ్మంటే అప్పుడు పెడతాను."

దొర మొహం ఎర్రబడింది. తెడ్డు ఇంకొకడికి ఇమ్మన్నాడు. ఆ రాళ్ళ సందులో పడవ కుదురు తప్పుతుందని, నా చేతిలోంచి తెడ్డు లాక్కోవడానికి ఎవరూ లేవలేదు. నా ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఒడ్డు నుంచి ఒక పెద్దమనిషి నడుముదాకా నీళ్ళలోకి వచ్చాడు. ఆయనే ఆ ఊరిపెద్ద. ఇంగ్లీషు వచ్చు. ఎందుకు ఆగారని అడిగితే దొర నన్ను చూపించి కోపంగా ఏదో చెప్పాడు. ఆయన పకపకా నవ్వాడు. ఒడ్డున ఆడవాళ్ళూ నవ్వారు. సరంగు మాకు తెలుగులో చెప్పాడు. ఆ తాడు మా కోసం కట్టిన తోరణమట.

వెంకటరత్నం కడుపు పట్టుకుని, "మావిడాకులు చూసి పెళ్ళివారింటి నుంచి వెనక్కి తిరిగినోడివి నువ్వేరా అబ్బాయ్," అన్నాడు. పడవంతా నవ్వు. నేను నవ్వలేదు.

ఊరిపెద్ద మాత్రం, ఆకులు చూసి ఎందుకు ఆగావని సరంగు చేత నన్ను అడిగించాడు. మా ఊరి కట్టు సంగతి చెప్పాను. ఆయన నవ్వడం మానేసి ఎడమ పక్కకు చెయ్యి చూపాడు. అక్కడ తేట నీళ్ళలో ఇంకొన్ని గుంజలు, వాటికీ అవే ఆకులు. పండగ దాకా అక్కడ చేపలు పట్టకూడదని ఊరంతా వేసుకున్న కట్టు అది. ఇక్కడిది రమ్మని, అక్కడిది రావద్దని. ఆకు ఒకటే. అప్పుడు తెడ్డు తిప్పి పడవ లోపల పెట్టాను.

చర్చి చూశాము, సమాధులు చూశాము. గోడలు లేని పెద్ద ఇంట్లో చాపల మీద కూర్చోబెట్టారు. అక్కడ హోదాను బట్టి ఒక్కో పెద్ద ఆనుకుని కూర్చోవడానికి ఒక్కో స్తంభం. దొర మఠం వేసుకోలేక కాళ్ళు చాపితే, ఒక ముసలమ్మ వచ్చి ఆ కాళ్ళ మీద చాప కప్పి పోయింది. పెద్దల వైపు పాదాలు చూపకూడదట. మా ఇంట్లోనూ అంతే.

మర్నాడు కెప్టెన్ గదిలోకి పిలిచారు. కళాసీ మాట వినకపోతే ఓడ లాగ్ బుక్కులో రాస్తారు. రాసింది అతనికి చదివి వినిపించాలి, అతని జవాబు కూడా కింద రాయాలి. అది చట్టం. మేటు రాసినది సరంగు తెలుగులో వినిపించాడు. పడవలో ఆజ్ఞ ధిక్కరించాడని ఉంది. తర్వాత బాబాయ్ గొంతు తగ్గించి, "తప్పయిందను, అక్కడితో పోద్ది. నీ బుక్కు పాడైపోద్దిరా," అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు.

నేను కెప్టెన్ వైపు తిరిగి చెప్పాను. "ఆకు సంగతిలో పొరపాటు పడ్డానండి. ఆగిన సంగతిలో పొరపాటు లేదండి. మళ్ళీ ఆకులు కనబడితే మళ్ళీ ఆగుతాను. ఇదే రాయండి."

బాబాయ్ నా వైపు ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. కెప్టెన్ రాసుకున్నాడు.

ప్రయాణం అయ్యాక నా బుక్కులో నడవడిక దగ్గర ముద్ర పడలేదు. మద్రాసులో దిగి, తెనాలిలో రైలు మారి రేపల్లె చేరాను. రెండేళ్ళు ఏ ఓడా నన్ను తీసుకోలేదు. ఊళ్ళో మా నాన్నతో కలిసి వల లాగాను. తర్వాత ఆ సరంగు బాబాయే ఇంకో ఓడకు మనుషులు కావాలంటే నా పేరు చెప్పాడు. చివరికి నేనూ సరంగునయ్యాను.

అప్పుడు నా కింద కళాసీలకు నేను నేర్పింది ఇది. పరాయి ఒడ్డున అర్థం కాని గుర్తు కనబడితే పడవ ఆపాలి, అడగాలి, తర్వాతే దిగాలి. అనవసరంగా ఆగినవాణ్ణి చూసి నవ్వుతారు. అడగకుండా దిగినవాణ్ణి చూసి నవ్వరు, తలుపు తన్నినవాణ్ణి చూసినట్టు చూస్తారు. లాగ్ బుక్కులో నా జవాబు అలాగే ఉండి ఉంటుంది. మార్చమని నేను ఎవరినీ అడగలేదు.