దీనమ్మ ఇల్లు ఎంతకు పోతది

డెబ్బై అయిదు రూపాయలకు ఇంటికి ధర కట్టే ఇంజనీరు ఎక్కడ దొరుకుతాడని మీరు నవ్వుతారు గానీ, దొరికాడు, అదీ అరవైకి దిగొచ్చాడు. దింపింది దీనమ్మ. ఆమె సంగతి తెలిసినవాళ్లు యాభైకి ఎందుకు దింపలేదని అడుగుతారు. ఆ రోజు ఆమెకు జ్వరం, అందుకని వదిలేసింది.

దీనమ్మది మరిపెడ పక్కన ఒక పల్లె. పద్దెనిమిదేళ్లప్పుడు వరంగల్ వచ్చి మిషన్ దవాఖానలో ఆయాగా చేరింది. నొప్పులు పడే ఆడవాళ్లకు తిట్టి ధైర్యం చెప్పడం ఆమె పద్ధతి. "తొమ్మిది నెలలు మోసినవు, ఇంకో గంట మొయ్యలేవా" అనేది. తిట్లు తిన్నవాళ్లే బిడ్డ పుట్టాక ఆమె చేతిలో చీర పెట్టేవాళ్లు. డెబ్బై నాలుగులో సుబేదారి వెనుక గల్లీలో వంద గజాల జాగా కొని, రెండు గదులు లేపి, పైన బెంగుళూరు పెంకులు వేయించింది. ఇటుకలు తడిపింది ఆమె, సున్నం కలిపింది ఆమె. కొత్తింట్లో చేరే ప్రార్థన రోజు మెడలో దండ వేయించుకున్నది మాత్రం ఆమె మొగుడు పౌలు.

పౌలు మంచోడే. ఇబ్బందంతా అక్కడే. ఎనభైలో మైకు సెట్టు కొంటానని పట్టుబట్టాడు. రెండు పెద్ద హారన్లు, ఆంప్లిఫయరు, బ్యాటరీలు. ఆ పైసల కోసం దీనమ్మ ఇంటి కాగితాలు వడ్డీలకు పైసలిచ్చే రాజేశ్వర్ రావు దగ్గర కుదువ పెట్టింది. పెళ్లిళ్లకు కిరాయి వస్తుంది, ఏడాదిలో తీర్చేస్తాం అన్నాడు పౌలు. తీరా చూస్తే క్రిస్మస్‌కు మూడు చర్చిల వాళ్లకు మైకు ఉత్తగా పెట్టాడు. ఆ మూడు చర్చిలకూ ఒకరితో ఒకరికి పడదు, పౌలుతో మాత్రం అందరికీ పడేది. అందరూ ఆశీర్వదించారు. రాజేశ్వర్ రావు ఆశీర్వాదాలను వడ్డీ కింద జమ చేసుకోలేదు.

వడ్డీ కోసం వచ్చినప్పుడల్లా రాజేశ్వర్ రావు కూర్చునేవాడు కాదు. బేరానికి వచ్చినవాడు బర్రెను నిమిరినట్టు గోడను నిమిరేవాడు.

"సున్నం జర మంచిగ ఏయించు దీనమ్మా. రేపు నాకే పనికొస్తది."

ఎనభై మూడులో ఆ మాట నిజమయ్యేలా ఉంది. అసలూ వడ్డీ కలిసి ఎనిమిది వేలైంది. దసరా దాటితే ఇల్లు తన పేరు మీదికి రాయించుకుంటానని చెప్పి పోయాడు. దీనమ్మ బ్యాంకుకు పోయింది. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఇంటి విలువలో సగం అప్పు ఇస్తామన్నాడు. దానితో కుదువ విడిపించి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. అంటే ఇల్లు పదహారు వేలైనా పలకాలి. ఆ పలకడం కూడా దీనమ్మ నోటితో చెబితే చెల్లదు, బ్యాంకు ఒప్పుకున్న ఇంజనీరు వచ్చి చూసి రాసివ్వాలి.

దీనమ్మ మొదట పోయి కలిసిన ఇంజనీరు మూడు వందలు అడిగాడు. దీనమ్మ ఒక్కటే అడిగింది.

"సారూ, మీరు ఇల్లు కొంటరా, సూస్తరా?"

అక్కడి నుంచి లేచి వచ్చి, బ్యాంకు ప్యూన్‌ను పట్టుకుని, అందరికంటే తక్కువ తీసుకునేది ఎవరని అడిగింది. అతను లక్ష్మీనారాయణ పేరు చెప్పాడు. రోడ్ల శాఖలో ఓవర్‌సీర్‌గా చేసి రిటైరైన మనిషి. స్కూటర్ లేదు, సిటీ బస్సులో వస్తాడు. మోకాళ్ల నొప్పి, నిచ్చెన ఎక్కడు. గది కొలిచి, గోడ తట్టి, ఆ తర్వాత ఈ ఇల్లు ఎంతకు పోతుందని చుట్టుపక్కల నలుగురిని అడిగి రాస్తాడు. అందుకే తక్కువ. తక్కువ అన్న మాట దగ్గరే దీనమ్మ చెవులు మూసుకుపోయాయి. మిగతాది సరిగ్గా వినలేదు.

ఇల్లు కుదువలో ఉన్న సంగతి గల్లీలో ఎవరికీ తెలియదు. దీనమ్మ ప్రాణం పోయినా చెప్పదు. ఇంజనీరు వస్తున్నాడని పౌలుకు కూడా చెప్పలేదు. పౌలుకు చెబితే మైకులో చెప్పినట్టే.

బుధవారం పొద్దున లక్ష్మీనారాయణ చేతిసంచీ, టేపు, ముక్కు చివర కళ్లద్దాలతో గల్లీలోకి వచ్చాడు. గదులు కొలిచాడు. దీనమ్మ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. అతను బయటికొచ్చి పక్కింటి ముందు పేడ ఎత్తుతున్న బక్కమ్మను పలకరించాడు. బక్కమ్మకు మూడు బర్రెలు, ఇరుకు కొట్టం, గల్లీలో అందరికంటే పెద్ద గొంతు.

టేపు పట్టుకున్నవాడు గల్లీలోకి వచ్చాడంటే మున్సిపాలిటీ వాడే, ఇంటి పన్ను పెంచడానికే. ఇది ఆ గల్లీలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. దీనమ్మ అంటే బక్కమ్మకు ప్రాణం. ప్రాణం పెట్టి మాట్లాడింది.

"ఇదొక ఇల్లా సారూ. వానొస్తె లోపల ఒక వాన, బయట ఒక వాన. ఎనక గోడ మొన్ననే కదిలింది. పొయ్యి కాడ పామున్నది."

"పామా?"

"జోడు సారూ."

ఎదురింటి కట్టయ్య, మిల్లులో పని మానేసి ఇంట్లో ఉంటున్న మనిషి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "పాములు నయం సారు. రాత్రయితే పెంకుల మీద ఎవలో నడుస్తరు. నేను ఇటు దిక్కు సూడనే సూడ" అన్నాడు.

లక్ష్మీనారాయణ రాసుకుంటున్నాడు. అదే సమయానికి పౌలు హారను భుజాన మోసుకుంటూ వచ్చాడు. టేపు చూశాడు, కట్టయ్య కన్ను కొట్టడం చూశాడు, మొత్తం అర్థమైపోయిందనుకున్నాడు.

"మేం కిరాయికి ఉంటన్నం సారు. ఓనరు ఏటూరునాగారంల ఉంటడు. ఎప్పుడొస్తడో తెల్వది."

"కాగితంలో దీనమ్మ అని ఉంది. లోపలున్న దీనమ్మ ఎవరు మరి?"

పౌలు ఆలోచించాడు. "వంట చేసే ఆమె అనుకుంట సారు" అన్నాడు.

వంట చేసే ఆమె చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

అప్పుడు దీనమ్మ పౌలును చూసిన చూపు గురించి కట్టయ్య చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.  పౌలు హారను కింద పెట్టి, వేప పుల్ల కోసమన్నట్టు గల్లీ చివరికి పోయాడు.

లక్ష్మీనారాయణను లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. అతను మొహమాటపడుతూనే చెప్పాడు. "అమ్మా, గదులు బాగున్నాయి, జాగా బాగుంది. కానీ నలుగురిని అడక్కుండా నేను రాయను. వాళ్లు చెప్పింది వింటే తొమ్మిది వేలు రాయడానికే నా చెయ్యి ఆడటం లేదు."

"పాముల్లేవు సారు."

"లేవని నాకూ తెలుసు. ధర చెప్పమంటే ఒక్కరూ చెప్పలేదు కదా. నేనేం రాయను?"

దీనమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. దసరాకు ఇంకా పది రోజులు కూడా లేవు. బయట బక్కమ్మ తాను చేసిన మేలుకు మురిసిపోతూ నిలబడి ఉంది. మున్సిపాలిటీ వాడు కాదు, బ్యాంకు మనిషి అని చెబితే కుదువ సంగతి బయటపడుతుంది. దీనమ్మ గడప దాటింది. అబద్ధమాడటం పాపమని ఆమెకు తెలుసు. కథోలిక్కులైతే ఆదివారం పోయి ఫాదరు దగ్గర చెప్పుకుని వస్తారు. దీనమ్మ చర్చిలో ఆ సౌకర్యం లేదు. అయినా ఆడింది.

"బక్క వదినా, ఈ సారు మున్సిపాలిటీ సారు కాదే. ఇల్లు అమ్ముదామనుకుంటన్న, ధర తెలుసుకుందామని పిలిపించిన."

బక్కమ్మ చేతిలో పేడ తట్ట ఒరిగింది. "అమ్ముతవా? మరి నాకొక్క మాట చెప్పక, పరాయోళ్లకు పిలుపులా?"

"పాములున్న ఇల్లు నీకెందుకులే వదినా."

"ఏ పాములు? అవి ఎన్నడో పోయినయ్. నా బర్రెలకు జాగ లేక సస్తాన్న. పన్నెండు వేలు ఇస్త."

కట్టయ్య అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. లేచి వచ్చి గోడను అరచేత్తో బలంగా కొట్టాడు. "ఇటుక సూడు, ఇనుము లెక్కున్నది. నీ బర్రెలను కట్టేస్తవా దీన్ల? పద్నాలుగు. నా చిన్నోని సంసారానికి ఇల్లు కావాలె."

"రాత్రి పెంకుల మీద నడుస్తరంటివి గద కట్టయ్యా" అంది బక్కమ్మ.

"పిల్లులే. పిల్లులకు బయపడతనా. నువ్వు కదిలిందన్న గోడ సంగతేంది?"

"నా కండ్లు కదిలినయ్ గనీ గోడ కదల్లె. పదిహేను."

లక్ష్మీనారాయణ కుర్చీ తెచ్చుకుని గడపలో వేసుకున్నాడు. పెన్ను మూత తీశాడు. కట్టయ్య పదహారున్నర అన్నాడు. బక్కమ్మ మెడలో బంగారు గుండ్లు తడిమి చూసుకుని పదిహేడు అంది. కట్టయ్య పద్దెనిమిది అని, భార్య వింటుందేమోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"ఆగుదామా, రాసేద్దామా?" అని లక్ష్మీనారాయణ గొంతు తగ్గించి అడిగాడు.

"రాయి సారు. ఇంకా పెరిగితె నాకే అమ్మబుద్ధయితది" అంది దీనమ్మ.

పద్దెనిమిది వేలు రాసి, ముద్ర కొట్టి, అరవై తీసుకున్నాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "వాళ్లకు చెప్పెయ్యి తల్లీ, అమ్మటం లేదని. ఆశ పెట్టటం మంచిది కాదు."

"రేపు చెప్త సారు."

దసరాకు రెండు రోజుల ముందు బ్యాంకు పైసలిచ్చింది. రాజేశ్వర్ రావు కాగితాలు తిరిగిచ్చి, అలవాటు కొద్దీ గోడ మీదికి చెయ్యి చాపాడు. "సున్నం తడి ఉన్నది సారు, అంటుకుంటది" అంది దీనమ్మ. సున్నం వేసి నెల దాటింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బ్యాంకు కంతు ఆమె ప్రతి నెలా జీతంలోంచి కట్టింది, ఎనభై తొమ్మిదికి తీరిపోయింది. మైకు సెట్టు మాత్రం చర్చిలకే తిరుగుతూ ఉంది, ఉత్తగానే.

ఇక ఆ రేపు సంగతి. ఇల్లు దక్కిన మర్నాడు దీనమ్మ నిజంగానే చెబుదామని బయల్దేరింది. ఆమె కాలు బయట పెట్టేసరికి కట్టయ్య నిచ్చెన వేసుకుని ఆమె పెంకులు సర్దుతున్నాడు.

"పగిలినయి మార్చిన చెల్లె. ఎట్లయిన మనదే గద" అన్నాడు పైనుంచి.

పైన ఉన్నవాడికి అలాంటి మాట చెబితే జారి పడతాడని దీనమ్మ ఆగింది. వచ్చే వానాకాలమూ ఆగింది, ఆ పై వానాకాలమూ ఆగింది. ఎనభై తొమ్మిదిలో బ్యాంకు నుంచి కాగితాలు చేతికొచ్చిన సాయంత్రం పట్టుదలగా చీర కొంగు దోపుకుని బక్కమ్మ ఇంటికి పోయింది. బక్కమ్మ బర్రె కింద కూర్చుని పాలు పిండుతూ తలెత్తింది.

"దా వదినా. ఏం పని మీద వచ్చినవ్?"

దీనమ్మ బక్కమ్మను చూసింది, నురగ పొంగుతున్న చెంబును చూసింది.

"తోడుకు జర పెరుగు కావాలె" అంది.